ముందాట కుటుంబం

మొదటి పార్కు, మొదటి రోజు

పార్కుల ఆఫీసువాళ్ళు ఇచ్చిన పుస్తకం వేరే ఉంది. అందులో గళ్ళు గీసి ఉంటాయి. ఆట సామాను పేరు, పిల్ల ఎన్నిసార్లు ఎక్కింది, ఎన్నిసార్లు జంకింది, అంతే. దిగువ షెడ్లలో పదకొండేళ్ళు పిల్లలకు అక్షరాలు దిద్దించినదాన్ని నేను. రోజు గడిచాక నాలుగు ముక్కలు రాసుకోకపోతే తిన్నది అరగదు. అందుకని ఇది విడిగా రాస్తున్నాను. ఎవరికీ చూపించేది లేదు.

పొద్దున్నే లిఫ్టులో మెట్టనగరం మీదికి ఎక్కాం. నలుగురం. నేను, మా ఆయన ఎల్లాజీ, పెద్దది మరిడి, చిన్నది తౌడు. మరిడికి ఎనిమిదేళ్ళు, తౌడుకు ఐదు. ఇద్దరి మధ్యా ఒకతి పుట్టి పోయింది. అందుకే చిన్నది పుట్టగానే చేటలో పెట్టి పొరుగావిడకిచ్చి, శేరు తౌడు పోసి తిరిగి కొనుక్కున్నాం. అంత చవగ్గా కొన్న పిల్ల జోలికి చావు రాదని మావాళ్ళ నమ్మకం. గేటు దగ్గర పేర్లు రాసుకునే అమ్మాయి "తౌడా?" అని రెండుసార్లు అడిగింది. అవునమ్మా, తౌడే అన్నాను.

పార్కుల అధికారి లోకనాథం గారు మమ్మల్ని లోపలికి తీసుకెళ్ళారు. సన్నటి గొంతు, మర్యాద గల మనిషి. మాట్లాడేటప్పుడు మన మొహం చూడరు, మన చెప్పుల వైపు చూస్తారు.

"మీది ముందాట కుటుంబం. కొత్త పార్కు తెరిచే ముందు ఒక కుటుంబం అందులో ఆరు రోజులు ఆడాలి, అది చట్టం. ఆ తర్వాతే మా పిల్లల్ని లోపలికి వదులుతాం. ఆరు పార్కులు ఆడితే మీ నలుగురికీ ఊరికార్డు వస్తుంది," అన్నారు.

ఊరికార్డు ఉంటే ఇల్లు, మంచినీళ్ళు, ఆసుపత్రి. లేకపోతే పోటు వచ్చినప్పుడల్లా మోకాలిదాకా ఉప్పునీళ్ళు వచ్చే షెడ్డు. ఆయన అది చెప్పలేదు, చెప్పనక్కర్లేదు కూడా.

మరిడి చేతికి ఒక కడియం తొడిగారు. అది గుండె కొట్టుకోవడం చూస్తుంది. సామాను మీద ఉండగా పిల్ల భయపడితే దాన్ని జంకు అంటారు. ఒక పార్కులో మూడు జంకులైతే కుటుంబాన్ని దించేస్తారు. "జంకే పిల్లతో ఆడిస్తే మేం పరీక్షించేది పిల్లనవుతుంది గానీ సామాన్ని కాదు కదమ్మా," అని నాకు నచ్చజెప్పారు. పట్టు తప్పి పడుతున్నప్పటి భయం మాత్రం లెక్కలోకి రాదట. అప్పుడు కడియం నేలకు చెబుతుంది, నేల మెత్తబడుతుంది.

ఆడుతున్నంతసేపూ తల్లిదండ్రులు పిల్లను ముట్టుకోకూడదు. జాగ్రత్త, మెల్లిగా, పట్టుకో అనకూడదు. బిడ్డను కన్నప్పటి నుంచి నా నోట్లో నానుతున్నవి ఆ మూడు మాటలే.

"మరేటి అనొచ్చు బాబూ?" అని ఎల్లాజీ అడిగాడు.

"బాగుంది అనవచ్చు," అన్నారు లోకనాథం గారు.

మరిడి జారుడుబల్ల పైకి ఎక్కి, జారకుండా, పై నుంచి నేరుగా దూకేసింది. షెడ్డు కప్పుల మీద నుంచి నీళ్ళలోకి దూకి పెరిగిన పిల్ల, ఎక్కడ దూకినా కింద నీళ్ళే ఉన్నాయనుకుంటుంది. భయం లేదు కనుక నేల మెత్తబడలేదు. మోకాలు చెక్కుకుపోయింది. అది చూసుకుని పకపకా నవ్వింది.

"భయపడని పిల్లకి నేల మెత్తబడదు, అవసరం లేదు కనుక," అని లోకనాథం గారు పుస్తకంలో ఏదో రాసుకున్నారు. ఆయనకు మా పిల్ల బాగా నచ్చింది. నాకూ గర్వంగానే ఉంది, అబద్ధమెందుకు.

మొదటి పార్కు, నాలుగో రోజు

పెద్దవాళ్ళకూ పని ఉంది. నేను పద్దెనిమిది బెంచీల మీద ఒక్కోదాని మీద గంటసేపు కూర్చోవాలి. నడుం నొప్పి వస్తే రాయాలి. ఎల్లాజీ నడకబాట మీద రోజుకు నలభై చుట్లు తిరగాలి. సముద్రంలో మునిగిన ఇళ్ళలోకి దిగి రాగి తీగలు, బిందెలు పైకి తెచ్చే మనిషి ఆయన. ఊపిరి బిగబట్టి ఎంత లోతుకైనా వెళ్తాడు గానీ, పని లేకుండా నడవడం ఆయనకు చేతకాదు.

"ఇలగ తిరిగి తిరిగి ఎక్కడికే ఎల్డం?" అన్నాడు పదో చుట్టులో.

"ఎక్కడికీ కాదు. పెద్దోలు ఇలాగే నడుస్తారట," అన్నాను.

"దొంగని ఎతుకుతున్నట్టుంది," అని నడిచాడు. తౌడు ఆయన వెనకే లెక్క తప్పుతూ చుట్లు లెక్కపెడుతోంది.

కంచె అవతల ఊళ్ళో పిల్లలు గుంపుగా నిలబడి చూస్తారు. తెల్లటి చెప్పులు, నూనె పెట్టిన జుట్టు. పార్కు ఎప్పుడు తెరుస్తారా అని వాళ్ళకు ఆత్రం. మరిడి ఎత్తుకు వెళ్ళినప్పుడల్లా "పడు, పడు" అని అరుస్తారు. కోపంతో కాదు, సరదాకే. నేల మెత్తబడటం వాళ్ళకు చూడాలని ఉంది. మరిడి ఉయ్యాల మీద నుంచి వాళ్ళకు నాలుక చాపి చూపించింది.

ఆరు రోజుల్లో ఒక్క జంకు లేదు. రెండో పార్కులోనూ లేదు.

మూడో పార్కు, రెండో రోజు

ఈ పార్కులో రంగులరాట్నం ఉంది. గుర్రాలు కాదు, చేపలు. మమ్మల్ని చూశాకే చేపలు పెట్టారేమోనని ఎల్లాజీ నవ్వాడు. మరిడి ఒక చేప మీద ఎక్కి, కిందికి చెయ్యి వేలాడేసింది. తిరిగే బల్లకూ ఆగి ఉండే అంచుకూ మధ్య సన్నటి సందు ఉంది. అది ఎవరికీ కనిపించలేదు, మరిడి వేళ్ళకు తప్ప.

రెండు వేళ్ళు ఇరుక్కున్నాయి. రాట్నం ఆగలేదు. కింద పడితే కడియం నేలకు చెబుతుంది గానీ, వేళ్ళు నలిగితే ఎవరికి చెబుతుంది. మరిడి అరిచింది. నేను బెంచీ మీద నుంచి లేచాను. లోకనాథం గారు చెయ్యెత్తి ఆగమన్నారు. మిషను దానంతటది పసిగట్టి ఆగుతుందో లేదో చూడాలట, అదే పరీక్షట. నేను ఆగాను. ముట్టుకుంటే మూడు పార్కుల ఆటా పోతుందని ఆగాను. నోటికొచ్చిన మాటలన్నీ నొక్కుకుని చివరికి "బాగుంది అమ్మలూ, బాగుంది" అన్నాను. నా గొంతు విని దానికి ఏమనిపించిందో నాకు తెలియదు.

రెండున్నర చుట్లయ్యాక ఆగింది. చూపుడు వేలు గోరు ఊడిపోయింది, మధ్యవేలు ఎముక విరిగింది.

"మీ పాప వల్ల ఈ సందు బయటపడింది. ఎంతమంది పిల్లల వేళ్ళు దక్కాయో ఆలోచించండి," అని లోకనాథం గారు నిజంగానే కృతజ్ఞతతో అన్నారు. సాయంత్రం బత్తాయిలు పంపారు. కంచె అవతల ఒకావిడ అయ్యో అయ్యో అని, రాట్నం ఎప్పటికి బాగవుతుందో కనుక్కుంది.

నాలుగో పార్కు, మొదటి రోజు

మూడో పార్కు ఎలాగో గట్టెక్కింది గానీ, మరిడి మారిపోయింది. ఏది ఎక్కబోయినా ముందు సందుల్లోకి వంగి చూస్తోంది. కట్టు కట్టిన చేతిని ఒళ్ళో దాచుకుంటోంది. ఉయ్యాల మీద ఒక జంకు. నిచ్చెన మీద ఇంకొకటి. మధ్యాహ్నానికి రెండయ్యాయి. ఇంకా ఐదున్నర రోజులుంది.

అన్నాలప్పుడు పార్కు వెనక మాకిచ్చిన రేకుల గదిలో మరిడిని కొట్టాను. వీపు మీద, మూడు దెబ్బలు. ఇది రాయకుండా దాటేయొచ్చు. కానీ ఒకసారి దాటేయడం మొదలుపెడితే ఈ పుస్తకమూ వాళ్ళ పుస్తకంలాగే అయిపోతుంది.

"బయమేస్తే నానేటి సెయ్యను? ఆపుదామన్నా ఆగదు," అని మరిడి వెక్కుతూ అంది.

ఎల్లాజీ దాన్ని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "ఏడవకు. నీళ్ళల్లకి దిగే ముందు నాకూ బయమేస్తాది. మునిగిన ఇల్లు సీకటిగుంటాది గదా. అప్పుడు నాను నా గుండెకాయని పడుకోబెడతాను," అన్నాడు.

"ఎలగ?"

"ఊపిరి నిండా తీసి బిగబట్టు. కింద నీళ్ళున్నాయనుకో. నెమ్మదిగా లెక్కెట్టు. గుండె దానికదే నెమ్మదిస్తాది. ఇరవైకి వొదిలీ. ఇరవై దాటనీకు."

"దాటితే?"

"తెలివి తప్పుతాది. తప్పేటప్పుడు బాదుండదు, నిద్రొచ్చినట్టుంటాది. అందుకే మాలో సానామంది పైకి రానేదు."

మరిడి రేకుల గదిలో పదిసార్లు చేసింది. నేను కడియం పక్కన నాడి మీద వేలు పెట్టి చూశాను. నాలుగోసారికి గుండె నెమ్మదించడం నాకే తెలిసింది. తౌడు గోడకు ఆనుకుని, అక్కనే చూస్తూ, బుగ్గలు పూరించింది.

సాయంత్రం నిచ్చెన పదిసార్లు ఎక్కింది. జంకు లేదు.

ఐదో పార్కు, ఆరో రోజు

నాలుగో పార్కు గడిచింది, ఐదో పార్కూ గడిచింది. ఒక్క జంకు పెరగలేదు. లోకనాథం గారు మరిడి తల నిమిరి "ధైర్యం తిరిగొచ్చేసింది" అన్నారు.

ధైర్యం ఎక్కడిది. అది సామాను దగ్గరకు వెళ్ళేటప్పుడు కాళ్ళు వణకడం నాకు కనిపిస్తుంది. కడియానికి కాళ్ళు కనిపించవు. మరిడి నవ్వి పన్నెండు రోజులైంది. అన్నంలో ఎండు నెత్తళ్ళు వేసి పెట్టినా సగం వదిలేస్తోంది. రాత్రి పక్క తడుపుతోంది, ఎనిమిదేళ్ళ పిల్ల.

"ఇది బాగోనేదే రత్నం. దిగిపోదాం," అన్నాడు ఎల్లాజీ.

నాకు ఒళ్ళు మండింది. "దిగి? దాన్ని కూడా రాగి తీగలకి ముంచుతావా? ఇంకొక్క పార్కు మావా. ఆరు రోజులు. ఆ తరవాత దాన్ని నెత్తిన పెట్టుకుని తిప్పుతాను."

ఆయన రేకుల గది మూల పడుకున్న మరిడికి దుప్పటి కప్పాడు. ఆయన చెడ్డగుణం అదే, నేను గట్టిగా అంటే ఊరుకుంటాడు.

ఆరో పార్కు, రెండో రోజు

ఆఖరి పార్కు ఊరికి నడిబొడ్డున ఉంది. పచ్చిక, బాతుల మడుగు, రంగురంగుల బెంచీలు. మధ్యలో ఎత్తుగా గుండ్రటి స్తంభం, చుట్టూ నలభై మెట్లు, పైన గంట. పిల్ల ఎక్కి గంట కొట్టాలి. రోజుకు ఆరుసార్లు.

మెట్లకు పక్కన పట్టుకునేందుకు ఏమీ లేదు, మెట్టే పట్టుకోవాలి. విరిగిన వేలింకా సరిగా ముడవని పిల్ల. ఇరవై మెట్ల దాకా బిగబట్టి వెళ్తోంది. అక్కడ ఊపిరి వదలగానే కిందికి చూస్తోంది. నిన్న ఒక జంకు, ఇవాళ ఒకటి. ఇంకొక్కటంటే ముప్ఫై రెండు రోజుల ఆటా, రెండు వేళ్ళూ గంగపాలే.

మధ్యాహ్నం దాన్ని కుళాయి దగ్గరికి తీసుకెళ్ళాను. ఎల్లాజీ చుట్లు తిరుగుతున్నాడు.

"మధ్యలో వొదలకు. గంట కొట్టేదాకా బిగబట్టు. నలభై," అన్నాను.

"అయ్య ఇరవై దాటొద్దన్నాడు."

"అయ్య సెప్పింది నీళ్ళలో మాట. ఇక్కడ సుట్టూ గాలే ఉన్నాది. నీకేటీ అవదు."

నేను అది నమ్మే అన్నాను. మావాళ్ళకు చావంటే నీళ్ళలోనే. ఊపిరాడక పోయినవాళ్ళందరూ నీళ్ళలోనే పోయారు. మెట్ట మీద, ఇంత గాలి మధ్య, ఊపిరి బిగబట్టిన పిల్లకు ఏమవుతుందని నాకు తోచలేదు. ఎల్లాజీని అడిగి ఉంటే ఒక్క మాటలో చెప్పేవాడు. వద్దంటాడని తెలిసే అడగలేదు. ఈ ఆఖరి వాక్యమే అసలు నిజం.

మధ్యాహ్నం మూడుసార్లు గంట మోగింది. జంకు లేదు. కిందికి వచ్చేసరికి మరిడి పెదాలు నేరేడుపండు తిన్నట్టున్నాయి. నీళ్ళు తాగించాను.

ఆరో పార్కు, మూడో రోజు

పొద్దున తొమ్మిదింటికి మొదటిసారి ఎక్కింది. నేను కింద నిలబడి మెట్లు లెక్కపెట్టాను. ఇరవై దగ్గర ఆగలేదు. ముప్ఫై దగ్గర ఆగలేదు. ముప్ఫై ఆరో మెట్టు మీద మెడ పక్కకు వాలింది. చేతులు వాటంతటవే ఊడాయి.

అరవలేదు. పడుతున్న పిల్ల చేతులు కాళ్ళు కొట్టుకుంటుంది, ఇది కొట్టుకోలేదు. నిద్రపోతున్న పిల్లను ఎవరో వదిలేసినట్టు వచ్చింది. కడియానికి భయం కనిపించలేదు. నేల మెత్తబడలేదు.

ఆ చప్పుడు గురించి నేను రాయను.

అదే రోజు, ఆసుపత్రిలో

బతికింది. నడుం దగ్గర వెన్ను విరిగింది. కాళ్ళు గిచ్చితే తెలియడం లేదు. వారం లోపల ఆపరేషన్ చేస్తే కూర్చోగలుగుతుందని, నడక సంగతి తర్వాత చూద్దామని డాక్టరమ్మ చెప్పింది. ఊరికార్డు లేనివాళ్ళకు మూడు రోజులు మంచమిస్తారు. ఆపరేషన్ చెయ్యరు.

లోకనాథం గారు కడియం చదివించి కాగితం తెచ్చారు. పడుతున్నప్పుడు పాప గుండె నిమిషానికి నలభై ఎనిమిది. పడుకున్న పాప గుండె కన్నా నెమ్మది.

"మా నేలలో లోపం లేదమ్మా. భయపడిన పిల్లని అది తప్పకుండా పట్టుకుంటుంది. మీ పాపకి భయమే లేదు. నా ఉద్యోగంలో ఇలాంటి పిల్లని చూడలేదు," అన్నారు నా చెప్పుల వైపు చూస్తూ. తర్వాత అడిగారు, "మీరేమైనా నేర్పారా? అడగడం నా విధి."

నేర్పామంటే పుస్తకం మొత్తం కొట్టేస్తారు. సాయంత్రానికల్లా మంచంతో సహా మమ్మల్ని లిఫ్టులో దించేస్తారు.

"నేదు బాబూ," అన్నాను.

ఆయన ఎల్లాజీ వైపు తిరిగారు. ఎల్లాజీ నేలకేసి చూస్తూ, లేదని తల ఊపాడు.

"అయితే ఆట ఇంకా మూడు రోజులుంది," అన్నారు లోకనాథం గారు. "కుటుంబం ఆడాలని చట్టంలో ఉంది. ఏ బిడ్డ అని లేదు. మీకు చిన్నపాప ఉంది కదా. బలవంతం లేదు. దిగిపోతామన్నా నేను అర్థం చేసుకోగలను."

ఆయన వెళ్ళాక ఎల్లాజీ నా పక్కన కూర్చున్నాడు. "ఎంతకి బిగబట్టమన్నావు?" అన్నాడు.

"ఇరవై."

"ఇరవైకి పెదాలు నీలంగా తిరగవు," అన్నాడు. అంతే. కొట్టలేదు, తిట్టలేదు. ఒక్క దెబ్బ వేసినా నాకు కాస్త తేలికయ్యేది. ఆ మాట అని లేచి మరిడి మంచం దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆరో పార్కు, నాలుగో రోజుకు ముందు

తౌడు మొదటి నుంచీ పిరికిది. బాతును చూసి ఏడుస్తుంది. దాన్ని అలాగే ఎక్కిస్తే మొదటిసారికే మూడో జంకవుతుంది, మరిడికి ఆపరేషన్ ఉండదు. బిగబట్టిస్తే నేల ఇనుమే. ఈ రెంటి మధ్యా తల బద్దలుకొట్టుకున్నాను గానీ, ఏది చెయ్యబోతున్నానో నాకు మొదటే తెలుసు.

పొద్దున్నే తౌడును తీసుకుని మరిడి మంచం దగ్గరికి వెళ్ళాను. మరిడి వెల్లకిలా పడుకుని ఉంది. తల కదపకుండా కళ్ళు మాత్రం తిప్పింది.

"సెల్లి ఎక్కాలా?" అంది.

ఊఁ అన్నాను. "దానికి ఊపిరి సంగతి నేర్పుతాను. ఈసారి ఇరవై దాటనివ్వను," అన్నాను.

"నాను నేర్పుతాను," అంది మరిడి. "నువ్వు నేర్పకు. నువ్వు బయటుండు."

ఎనిమిదేళ్ళ పిల్ల నన్ను గది బయటకు పొమ్మంది. వెళ్ళాను. తలుపు సందులోంచి మాటలు వినిపించాయి. నోరు మూసి ముక్కుతో కొంచెం కొంచెం వదలమంటోంది. పైకీ చూడొద్దు, కిందికీ చూడొద్దు, చేతినే చూడమంటోంది. అమ్మ ఏం చెప్పినా వినొద్దు అంటోంది. తౌడు ఊఁ, ఊఁ అంటోంది. బడిలో నేను పాఠం చెప్పినప్పుడు కూడా ఏ పిల్లా ఇంత బుద్ధిగా వినలేదు. గోడకు ఆనుకుని ఏడ్చాను. లోపలికి మాత్రం వెళ్ళలేదు.

ఆరో పార్కు, నాలుగో రోజు

ఆరుసార్లు. జంకు లేదు.

ఎల్లాజీ నడకబాట మీద నలభై చుట్లు తిరిగాడు. తిరగాలి, అది ఆయన వంతు. మరిడి పడిన చోటి మీదుగానే బాట వెళ్తుంది. అక్కడికి రాగానే ప్రతిసారీ పచ్చికలోకి దిగి పక్కనుంచి నడిచాడు.

ఆరో పార్కు, ఐదో రోజు

ఆరుసార్లు. జంకు లేదు. నాలుగోసారి ఇరవై ఎనిమిదో మెట్టు మీద కాలు జారింది. రెండు చేతులతో వేలాడి, మళ్ళీ కాలు ఆనించుకుంది. లోకనాథం గారు కడియం లెక్క చూసి, గుండె ఒక్క దెబ్బ కూడా పెరగలేదని నాకు చూపించారు. కంచె అవతల పిల్లలు చప్పట్లు కొట్టారు.

దిగాక తౌడు నా దగ్గరికి రాలేదు. నేరుగా వాళ్ళయ్య దగ్గరికి వెళ్ళి ఆయన చొక్కా అంచు పట్టుకుంది.

ఆరో పార్కు, ఆరో రోజు

ఆరుసార్లు. జంకు లేదు. ఆట అయిపోయింది.

లోకనాథం గారు కడియం విప్పి, నాలుగు ఊరికార్డులు నా చేతిలో పెట్టారు. వంగి తౌడు బుగ్గ పట్టుకుని "ఇంక నువ్వు మా ఊరి పిల్లవి. ఎంత కావాలంటే అంత భయపడొచ్చు," అన్నారు. ఆయన మంచిగానే అన్నారు. తౌడు ఆయన మొహంలోకి రెప్ప వెయ్యకుండా చూసింది.

ఊళ్ళో, ఇరవై మూడో రోజు

ఆపరేషన్ అయింది. మరిడి దిండ్లకు ఆనుకుని కూర్చుంటోంది. కాళ్ళు రాలేదు, రావని డాక్టరమ్మ మెల్లిగా చెప్పింది. నేను వెళ్తే మరిడి మాట్లాడుతుంది, అడిగినదానికి జవాబు చెబుతుంది, అన్నం పెడితే తింటుంది. దాన్ని నెత్తిన పెట్టుకుని తిప్పుతానన్న మాట ఆరోజు నేను గట్టిగానే అన్నాను, ఆ రేకుల గదిలో అది నిద్రపోలేదనుకుంటాను. ఇప్పుడు ఆ మాట నేనెత్తను, అదీ ఎత్తదు.

ఎల్లాజీ పగలంతా ఆసుపత్రిలోనే ఉంటాడు. నాతో కావలసినంతే మాట్లాడతాడు. ఉప్పు, తాళం, మందుల వేళ.

మాకిచ్చిన ఇల్లు నడిబొడ్డు పార్కుకు రెండు వీధుల అవతల ఉంది. ఇవాళ ఆదివారం, పార్కు తెరిచి చాలా రోజులైంది. తౌడును తీసుకెళ్ళాను. ఈ పిల్లకైనా ఒక్క రోజు ఊరికే ఆడుకునే ఆట ఇద్దామని.

లోపల కాలు పెట్టే చోటు లేదు. గేటు దగ్గర కడియాలు తొడిగించుకుని పిల్లలు స్తంభం ఎక్కుతున్నారు, పది మెట్లకే భయపడి అరుస్తున్నారు, చేతులు వదిలేస్తున్నారు. నేల పరుపులా లేచి వాళ్ళను పట్టుకుంటోంది. పడ్డ పిల్లలు నవ్వుకుంటూ మళ్ళీ వరసలో నిలబడుతున్నారు. తల్లులు బెంచీల మీద కూర్చుని జాగ్రత్త, మెల్లిగా అని తీరిగ్గా కేకలేస్తున్నారు. ఆ బెంచీల్లో ఏది నడుం నొప్పి పెడుతుందో నాకు తెలుసు. నొప్పి పెట్టనిది చూసుకుని కూర్చున్నాను.

తౌడు దేనిమీదికీ వెళ్ళలేదు. నాకు మూడు బారల దూరంలో నిలబడింది. ఉయ్యాల ఎక్కుతావా అంటే తల అడ్డంగా ఊపింది. బాతులు చూస్తావా అంటే మళ్ళీ అడ్డంగానే ఊపింది. ఒక కుర్రవాడు పరిగెత్తుతూ దాన్ని గుద్దుకుంటే, వాడికి దారిచ్చి, మళ్ళీ అదే చోట నిలబడింది.

పిల్లను ముట్టుకోవచ్చు కదా ఇప్పుడు, ఎవరి అనుమతీ అక్కర్లేదు కదా అనుకున్నాను. దాని ఒళ్ళు నా ఒళ్ళో పడి నెల దాటింది. లేచి దగ్గరికి వెళ్ళి, "రా అమ్మలూ, ఎత్తుకుంటాను," అని చేతులు చాచాను.

తౌడు వెనక్కి పోలేదు, ఏడవలేదు. నోరు గట్టిగా మూసి, తన చేతి వైపే చూస్తూ ఊపిరి బిగబట్టింది. నేను ఎత్తుకున్నాను. చంకలో రాయిలా ఉంది. దాని గుండె నా గుండెకు ఆని చాలా నెమ్మదిగా, చాలా బుద్ధిగా కొట్టుకుంటోంది. నేను లెక్కపెట్టడం మొదలుపెట్టాను. పదిహేను దగ్గర దాన్ని కింద దించేశాను.